పేరెత్తకూడని ఉగ్గుగిన్నె

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ పేరెత్తకూడని వస్తువు ఒకటి ఉండేది. అదేదో మంత్రాల పెట్టె అనుకునేరు, ఉగ్గుగిన్నె. పసిబిడ్డలకు పాలూ ఆముదమూ పట్టే చిన్న గిన్నె. అరచేతిలో ఇమిడిపోతుంది, ఒక పక్కకు పిట్టముక్కులా సాగి ఉంటుంది. ఊళ్ళో అందరి ఇళ్ళలోనూ పొయ్యి పక్క గూట్లో కనబడేది. మా ఇంట్లో మాత్రం ఎంత వెతికినా ఉండేది కాదు. ఒకసారి తెలియక, "మనకు ల్యాదా అవ్వా ఉగ్గుగిన్నె?" అని అడిగాను. మా అవ్వ, అంటే మా నాయన తల్లి, చేతిలోని చేట కింద పెట్టి దొడ్లోకి వెళ్ళిపోయింది. మా అమ్మ నా నెత్తిన ఒకటి మొట్టింది. ఎందుకు మొట్టిందో చెప్పలేదు. మా కాలంలో పిల్లలకు కారణాలు చెప్పే అలవాటు ఎవరికుంది!

ఇదంతా ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న మా మనవరాలు కర్నూలు ఆసుపత్రిలో నెలలు నిండకుండానే కనింది. బిడ్డ పిడికెడంత కూడా లేడు. అద్దాల గదిలో చుట్టూ మిషన్లు, తీగలు, కీచుకీచుమనే చప్పుళ్ళు. నర్సమ్మ వచ్చి పాలు పట్టబోతే ఆమె చేతిలో ఏముందో చూసి నేను అద్దానికి మొహం ఆనించాను. స్టీలు ఉగ్గుగిన్నె. అదే పొట్ట, అదే ముక్కు. నా పక్కన మా మనవడు నిలబడి ఉన్నాడు. వస్తువుల రూపం ఎలా ఉండాలో గీసే చదువు వాడిది. అదీ ఒక చదువేనా అని నేను వాణ్ణి ఏడిపిస్తూ ఉంటాను. వాడు ఆ గిన్నె వైపు చూసి, "ఈడ ఇన్ని మారినాయి గదా అవ్వా, ఇదొక్కటి ఎందుకు మారల్యా?" అన్నాడు. ఆసుపత్రి వరండాలో నిలబడి చెప్పే జవాబు కాదది. అందుకే ఇక్కడ చెబుతున్నాను.

మాది ఆలూరు పక్కన పల్లె. వాన పడితే పంట, పడకపోతే పస్తు. మా తమ్ముడు పుట్టిన ఏడు వాన మొహం చాటేసింది. ఊరి బావి అడుగంటిపోయి, ఆడవాళ్ళు ఎక్కడో చేన్ల మధ్య ఉన్న బావికి పోయి నెత్తిన మోసుకొచ్చేవారు. మొహం కడిగిన నీళ్ళు కాళ్ళకు, కాళ్ళు కడిగిన నీళ్ళు సొరపాదుకు. చెంబెడు నీళ్ళు ఒలకబోస్తే అవ్వ చేతిలో వీపు పగిలేది.

తమ్ముడు పుట్టిన కొన్నాళ్ళకే అమ్మకు జ్వరం తగులుకుంది. ఒళ్ళు పెనంలా కాలిపోయేది. నన్ను చూసి నువ్వెవరివని అడిగింది. నాయన బండి కట్టి ఆలూరుకూ, అక్కణ్ణుంచి బస్సులో ఆదోని పెద్దాసుపత్రికీ తీసుకుపోయాడు. బతుకుతుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారట. పసిబిడ్డను అక్కడ పెట్టుకోవద్దన్నారని నాయన వాణ్ణి తెచ్చి అవ్వ ఒళ్ళో పడేసి మళ్ళీ పరుగెత్తాడు. ఇంట్లో మిగిలింది అవ్వా, నేనూ, ఆ బిడ్డ.

అవ్వ గుడ్డ పీలికను ఎనుము పాలలో ముంచి వాడి నోట్లో పెట్టేది. వాడు చీకి చీకి అలిసిపోయి ఏడ్చేవాడు. పక్కింటి అత్త గోడ మీదుగా చూసి, "చిన్నమ్మా, మా ఇంట్ల గిన్నె ఉండాది, తెద్దునా?" అంది. ఆమె మా అవ్వను చిన్నమ్మా అని పిలిచేది. వరసకు మా నాయనకు అక్క. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. అవ్వ ఆమె వైపు తిరిగి కూడా చూడకుండా, "ఆ మాట ఇంగొగసారి నా ముందర ఎత్తొద్దు," అంది. అత్త నోరు మూసుకోవడం నేను అదే మొదటిసారి చూశాను.

సంగతి తెలిసి నాయన ఆదోని నుంచి పాలసీసా తెచ్చాడు. గాజుది, పడవలా వంపు తిరిగి ఉంది, మూతికి రబ్బరు పీక. దాన్ని తువ్వాలలో చుట్టి, బస్సులో ఎక్కడ పగులుతుందోనని దారంతా గుండెకు హత్తుకుని తెచ్చాడట. వీధి వీధంతా చూడ్డానికి వచ్చింది. నేను దాన్ని రెండు చేతులా పట్టుకుని అందరికీ చూపించాను, ఎవ్వరినీ తాకనివ్వలేదు. తమ్ముడు పీక నోట్లో పెట్టగానే గటగటా లాగాడు. అవ్వ హమ్మయ్య అని గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. ఆ పూట నాకు ఆ సీసా దేవుడిలా కనిపించింది.

ఆ సంతోషం ఎన్నాళ్ళో నిలవలేదు. బిడ్డకు బేదులు పట్టుకున్నాయి. ముందు పచ్చగా, తర్వాత ఉత్త నీళ్ళు. అవ్వ దిష్టి తీసి మిరపకాయలు పొయ్యిలో వేసింది. తాయెత్తు కట్టింది. ఆలూరులో కంపౌండరు ఇచ్చిన మందు పోస్తే బిడ్డ కక్కేశాడు. నడినెత్తిన మాడు గుంట పడింది. ఏడిస్తే కన్నీళ్ళు రావడం మానేశాయి. చివరికి ఏడుపు కూడా పిల్లికూన మూలుగులా అయిపోయింది. అవ్వ వాణ్ణి ఒళ్ళో వేసుకుని ఊగుతూ, "మీ అమ్మ వచ్చి అడిగితే నేనేం చెప్పేదే? రొండోవాణ్ణి గూడా పోగొట్టినానని చెప్పాల్నా?" అని నాతో అంది. రెండోవాడేమిటో నాకు అర్థం కాలేదు. అడిగే ధైర్యమూ లేదు. నాకు చేతనైందల్లా సీసా కడిగి పాలు పోసి ఇవ్వడం, అదే చేస్తూ పోయాను.

ఇక ఆగలేక పక్కింటి అత్త పిలవకుండానే వచ్చేసింది. వస్తూనే బిడ్డ మాడు మీద చెయ్యి పెట్టి చూసింది. తర్వాత సీసా తీసుకుని పీకను ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించింది.

"దీన్ని ఎట్ల కడుగుతాండావు మే?" అని నన్ను అడిగింది.

"నీళ్ళు పోసి ఆడిస్తాండా అత్తా."

"లోపల వేలు పెట్టు సూద్దాం."

పెట్టాను. సీసా మెడ దాటి వేలు పోలేదు. అప్పుడు ఆమె ఆ రబ్బరు పీకను దిండుగలీబు తిరగేసినట్టు తిరగేసింది. లోపల మడతల్లో విరిగిన పాలు పసుప్పచ్చగా, జిగురుగా పేరుకుని ఉన్నాయి. ఆ కంపు ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. సీసాను ఉడకబెట్టాలని మాకెవరు చెప్పారు? చెప్పినా ఆ కరువులో ఉడకబెట్టడానికి నీళ్ళేవి, కట్టెలేవి? నేనిప్పటికీ ఆ సీసాను తిట్టను. నీళ్ళూ నిప్పూ ధారాళంగా ఉన్నచోట దాని పని అది చేసే ఉంటుంది. మా ఇంటికి మాత్రం అది నప్పలేదు.

"చిన్నమ్మా, ఇంగ గిన్నె తప్ప దారి ల్యా," అంది అత్త.

అవ్వ ఒక్కసారిగా అరిచింది. ఆమె అలా అరవగా నేనెప్పుడూ వినలేదు. "నా పెద్ద మనవణ్ణి మింగింది ఆ గిన్నె! నా కండ్ల ముందరే మింగింది! దాన్ని చేన్లో పాతిపెట్టి వచ్చినా. వీణ్ణి గూడా దానికే ఇమ్మంటావా?"

అలా తెలిసింది, నాకంటే ముందు ఒక అన్న పుట్టాడని, ఆముదం పడుతూ ఉండగా చేతుల్లోనే పోయాడని. నా నెత్తిన మొట్టికాయ ఎందుకు పడిందో కూడా అప్పుడే తెలిసింది.

అత్త లేచింది. ఇంటికి పోయి వాళ్ళ ఉగ్గుగిన్నె తెచ్చుకుని మా పంచలో కూర్చుంది. అవ్వ వైపు చూడనైనా చూడకుండా నన్ను పిలిచింది. "ఆటలాడి శానా దినాలాయె గదా నువ్వు. రా, నువ్వు పసిబిడ్డవంట, నేను మీ అవ్వనంట." గడప పక్కన చాప మీద బిడ్డ ఆ స్థితిలో ఉంటే ఈమెకు ఆటలేమిటని నాకు ఒళ్ళు మండింది. అయినా పెద్దవాళ్ళు పిలిస్తే పోవాలి కదా, పోయాను.

ముందు గిన్నె నా చేతిలో పెట్టింది. "నీ వేలు అందని తావు యాడన్నా ఉందేమో సెప్పు." వేలు పెట్టి చుట్టూ తిప్పాను. మూల లేదు, మడత లేదు, అంచు కింద దాగిన గాడి లేదు. లోపలి నున్నటి పొట్ట మీంచి వేలు జారుకుంటూ ముక్కు కొస దాకా వచ్చేసింది. "ల్యాదత్తా," అన్నాను. ఆమె చిటికెడు బూడిద వేసి రుద్ది, దోసెడు నీళ్ళతో కడిగి, ఎండకు పట్టి చూపించింది. అంతే, అయిపోయింది.

తర్వాత కాళ్ళు బారజాపి, వాటి మీద నన్ను వెల్లకిలా పడుకోబెట్టుకుంది. మా పక్క ఆముదం పట్టేది అలాగే. నా కాళ్ళు అరుగు దాటి వేలాడుతున్నాయి. నాకు నవ్వు ఆగలేదు. నేను నవ్వుతూ ఉండగానే టక్కున ముక్కు పట్టుకుని గిన్నె ఎత్తి గొంతులోకి నీళ్ళు వంచింది. అమ్మో! నీళ్ళు ఎటు పోయాయో, ఊపిరి ఎటు పోయిందో. చచ్చిపోయానే అనుకున్నాను. కొట్టుకుని లేచి, దగ్గి దగ్గి, ముక్కులోంచి నీళ్ళు కారుతూ ఉంటే ఆమెను నోటికొచ్చినట్టు తిట్టాను. పెద్దామెను తిట్టినా అవ్వ నన్ను కసరలేదు. కంబాన్ని పట్టుకుని లేచి నిలబడి ఉంది.

అత్త నన్ను దగ్గరికి లాక్కుని కన్నీళ్ళు తుడిచింది. ఈసారి కూర్చున్నట్టుగా మోచేతి వంపులో నా తల పెట్టుకుంది. గిన్నె ముక్కును నా కింది పెదవికి ఆనించి, నీళ్ళు ముక్కు కొస దాకా వచ్చి నిలిచేంత మటుకే వంచింది. "నేను పొయ్యను. నువ్వే తాగాల," అంది. నాలుక కొస తగిలిస్తే ఒక్క గుటక వచ్చింది. ఆపితే ఆగింది. మళ్ళీ తగిలిస్తే మళ్ళీ వచ్చింది. ఎంత కావాలో అంతే తాగాను, దగ్గు రాలేదు.

"సూస్తివా? గిన్నె అదే," అంది అత్త. మాట నాతో అన్నా చూపు నా మీద లేదు. నన్ను అడ్డం పెట్టుకుని ఆమె పాఠం చెప్పింది ఎవరికో నాకు అప్పుడు తట్టలేదు. అవ్వ మాత్రం బిడ్డను అక్కడే వదిలి లోపలికి వెళ్ళి తలుపు దగ్గరేసుకుంది.

అత్త వాళ్ళింటి గంజి తేటలో రవ్వంత ఉప్పు వేసి, తమ్ముణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. మొదట పోసిందంతా వాడి పెదవి మీంచి జారిపోయింది. నేను ఏడుపు మొదలుపెట్టాను. ఆమె తొందరపడలేదు. ముక్కు కొసను బుగ్గ వైపుకు ఆనించి, చుక్క నిలబెట్టి, కాచుకుని కూర్చుంది. చాలాసేపటికి వాడి నాలుక కదిలింది. గుటక పడిన చప్పుడు నాకు వినిపించింది. అంత చిన్న చప్పుడు కోసం ఇద్దరమూ ఊపిరి బిగబట్టి ఉన్నామని అది విన్నాకే తెలిసింది.

తలుపు తెరుచుకుంది. అవ్వ వచ్చి అత్త ఎదుట కూర్చుని చేతులు చాపింది. "ఇట్ల తే. నేను పడతా." అత్త బిడ్డనూ గిన్నెనూ ఇచ్చేసి కొంచెం ఎడంగా జరిగింది. ఇలా పట్టు, అలా పట్టు అని ఒక్క మాట చెప్పలేదు. అవ్వ గుటకకూ గుటకకూ మధ్య బిడ్డ గొంతు వైపే చూస్తూ, వాడు మింగాడని నమ్మకం కుదిరితే తప్ప రెండో చుక్క ముందుకు రానివ్వలేదు. ఆ పూటా, మరునాడూ అదే పని. కంపౌండరు మందు కూడా ఆ గిన్నెతోనే పట్టారు, ఈసారి కక్కలేదు. మరునాడు పొద్దు వాలుతూ ఉండగా తమ్ముడు అవ్వ చీరంతా తడిపేశాడు. పక్కింటి అత్త చప్పట్లు కొట్టి నవ్వింది. ఒంట్లో నీరు నిలబడితేనే కదా ఉచ్చ వచ్చేది!

అవ్వ మాత్రం నవ్వలేదు. తడిసిన చీరతోనే కూర్చుని నెమ్మదిగా అడిగింది. "అయితే ఆ పొద్దు గిన్నెది కాదన్నమాట తప్పు. నాదేనా?"

అత్త నవ్వు ఆగిపోయింది. లేచి వచ్చి అవ్వ పక్కన కూర్చుంది. "ఆ పొద్దు బిడ్డ ముక్కు పట్టుకునింది ఎవురు చిన్నమ్మా? నేను కాదా? నువ్వు పోస్తివి, నేను పట్టుకుంటి. మీ అమ్మ నీకట్లే పోసింటాది, మా అమ్మ నాకట్లే పోసింటాది. నేను శానా దినాలకు తెలుసుకుంటి. నా చిన్నోనికి పట్టేటప్పుడు వాడూ అట్లే ఉక్కిరిబిక్కిరైతే, బెదిరిపోయి లేపి కూర్చోబెట్టినా. అప్పుడు తెలిసె. నీకు చెప్పేకి నోరు రాల్యా. నువ్వు గిన్నెను తిట్టుకుంటా ఎట్లనో బతుకుతాండావు. ఆ తిట్టుకునేది గూడా తీసేస్తే నువ్వేమైపోతావోనని."

అవ్వ బిడ్డ కింది తడిగుడ్డ లాగేసింది. తర్వాత, "నువ్వు చెప్పకపోయింటే వీడు గూడా పోతుండె," అంది. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇంత నోరున్న మనిషి ఇన్నేళ్ళు ఇంత మాటను ఎలా కడుపులో పెట్టుకుని తిరిగిందోనని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మా మనవడి ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఇందులోనే ఉంది. ఆ గిన్నెలోంచి తీసేయడానికి ఏమీ లేదు, దానికి చేర్చడానికీ ఏమీ లేదు. లోపల ఏముందో కంటికి కనబడుతుంది, వేలికి తగులుతుంది. బిడ్డ ఎంత తాగుతానంటే అంతే ఇస్తుంది. కరువు ఊళ్ళోనైనా దోసెడు నీళ్ళతో శుభ్రపడుతుంది. ఇంతకంటే ఏం కావాలని మార్చాలి? అయితే ఒరేయ్, అంత మంచి గిన్నె చేతిలో ఉండి కూడా మేం ఒక బిడ్డను పోగొట్టుకున్నాం. ఎలా పట్టాలో చెప్పడానికి దానికి నోరు లేదు. ఆ మాట మనిషికి మనిషి చెప్పుకోవాలి. అది కూడా మీ చదువులో గీయిస్తారేమో నాకు తెలియదు.

ఇక అమ్మ సంగతి. అమ్మ బతికి వచ్చింది. జుట్టు ఊడిపోయి, మెడ ఎముకలు తేలి, నాయన భుజం పట్టుకుని గడపలోకి వచ్చింది. ఎదురుగా అవ్వ ఒళ్ళో తమ్ముడు, అవ్వ చేతిలో ఉగ్గుగిన్నె. అమ్మ అక్కడే నిలబడిపోయింది. నాయన ఏదో అనబోతే అవ్వ చెయ్యెత్తి ఆపింది. "నువ్వు బిడ్డను ముట్టుకునేకి ముందు ఒగ మాట ఇనుమ్మా," అంది. తర్వాత అంతా చెప్పింది. పెద్దవాడికి ఆముదం ఎలా పోసిందీ, వాడు ఏడుస్తూ ఉంటేనే పోసిందీ, ఎందుకు పోయాడో ఇప్పుడు తెలిసిందీ. పక్కింటి అత్త చేతుల సంగతి మాత్రం చెప్పలేదు. "గిన్నెది కాదు. నా చెయ్యిది," అని ముగించింది. అలా చెప్పాల్సిన అవసరం ఆమెకు లేదు. చెప్పకపోతే ఈ లోకంలో ఎవరికీ తెలిసేది కాదు.

అమ్మ గోడ వైపు తిరిగి కూర్చుంది. అన్నం పెడితే తినలేదు, నీళ్ళిస్తే తాగలేదు. నాయన ఇంట్లోకీ వాకిట్లోకీ తిరిగాడు. నాకైతే ఆ మౌనం కంటే ఇద్దరూ జుట్టు జుట్టు పట్టుకుని కొట్లాడుకుంటే బాగుండుననిపించింది. సాయంత్రానికి తమ్ముడు ఆకలికి లేచి ఏడుపు అందుకున్నాడు. అమ్మకు పాలు ఇంకిపోయాయి. అవ్వ గిన్నె వైపు చూసింది కానీ దాన్ని తాకలేదు. బిడ్డ ఏడుస్తూనే ఉన్నాడు. ఆ ఇంట్లో అంత మందిమి ఉండి ఒక్కరమూ లేవలేదు.

చివరికి అమ్మే లేచింది. గోడ పట్టుకుని పొయ్యి దాకా పోయి, కాచిన పాలు గిన్నెలో పోసుకుంది. బిడ్డను ఎత్తుకుని నడిచి వచ్చి అవ్వ ఒళ్ళో పెట్టింది. గిన్నెను అవ్వ చేతికి ఇచ్చింది. "పట్టు అత్తా. నా చేతిలో సత్తువ ల్యా," అంది. అని, అవ్వ మోకాలికి మోకాలు ఆనించి ఎదురుగా కూర్చుంది. పాలు అయిపోయేదాకా గిన్నె ముక్కు మీంచి చూపు తిప్పలేదు.

అమ్మ అవ్వను క్షమించిందో లేదో నాకు తెలియదు. ఆ తర్వాత ఆ మాట మా ఇంట్లో మళ్ళీ రాలేదు. తమ్ముడు బతికాడు, ఇప్పుడు వాడికి నాకంటే ఎక్కువ కోపం. నేను అత్తనయ్యాను, అవ్వనయ్యాను, నా వాళ్ళ చేతుల్లో పొరపాట్లు చాలా చూశాను. ముందు నోరు లేస్తుంది, అది నా పుట్టుక. ఆ తర్వాత అమ్మ గుర్తొస్తుంది. పొరపాటు చేసినవాళ్ళ చేతికే ఆ పని మళ్ళీ ఇస్తాను. ఇచ్చి, వాళ్ళ మోకాలికి నా మోకాలు ఆనించి కూర్చుంటాను. కళ్ళు మాత్రం తిప్పుకోలేను.